జుమాగుల్ అక్క ఇల్లు చూసే పద్ధతి

మా కిర్గిజ్ రాజధాని బిష్కెక్‌లో అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్తే జుమాగుల్ అక్క ముందు గోడలు చూడదు. కుళాయి తిప్పి, కిటికీ సందుల్లో వేలు పెట్టి, కింద బెంచీ మీది ముసలమ్మలను పలకరిస్తుంది. శీతాకాలంలో గదులు ఏమాత్రం వెచ్చబడతాయో వాళ్లకే తెలుసంటుంది. ఏళ్ల తరబడి కుట్టుపని చేసి కొనుక్కున్న రెండు గదుల్లో ఒకటి మాలాంటి పల్లె ఆడవాళ్లకు అద్దెకిచ్చింది. జీతం రాగానే ముందు అద్దె, తర్వాత పిండీ నూనే, ఆ తర్వాతే చెప్పులూ రిబ్బన్లూ అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. ఆ చీవాట్లు తినకపోతే నేనీ ఊళ్లో నిలబడేదాన్ని కాదు.

ఆ వేసవిలో నాకు వేరే గది అవసరమైంది. మా సొంతూరు నారిన్‌లో అమ్మ దగ్గర వదిలొచ్చిన నా కూతురు బెగిమై సెప్టెంబరులో ఇక్కడ బడిలో చేరాలి. అక్క గదిలో అప్పటికే ముగ్గురం. నాతోపాటు అక్క కూడా ఇళ్లు చూసేది, ప్రతిదానికీ వంక పెట్టేది. ఒకచోట చెమ్మ, ఇంకోచోట తాగుబోతు పొరుగు. నన్ను పంపడం ఇష్టం లేక కావాలనే వంకలు వెతుకుతోందేమోనని లోలోపల విసుక్కున్నాను.

చివరికి బడి పక్కనే ఒక గది దొరికింది. ఇల్లు తనదేనన్న ఎర్మెక్‌దీ నారినే. మా ఇద్దరికీ రొట్టె విరిచి పెట్టి, టీ పోసి, మా కిర్గిజ్‌ల ఆచారం ప్రకారం తన ఏడు తరాల తాతల పేర్లు చెప్పాడు. నేనూ మావాళ్ల పేర్లు చెప్పాను. ఐదో తాత దగ్గర కలిశాం. ఇంకేముంది, నేను చెల్లెల్నైపోయాను. అన్న వరసైనవాణ్ణి ఇంటి కాగితాలు చూపించమని ఏ మొహం పెట్టుకుని అడగను? సంచీలోంచి అడ్వాన్సు తీశాను.

అక్క నా చెయ్యి పట్టుకుంది.

“చూడు తమ్ముడూ, పరాయివాడివైతే మొహమాటపడేదాన్ని. మనవాడివే కదా, కాగితం ఓసారి పట్రా.”

కాగితాలు తన సొంత చెల్లెలింట్లో ఉన్నాయన్నాడు. తెప్పించమని, అప్పటిదాకా కూర్చుంటామని అక్క ఇంకో గిన్నెడు టీ పోయించుకుంది. తర్వాత మరొకటి. టీ తాగుతున్న పెద్దావిడను మాలో ఎవడు లేచి పొమ్మంటాడు? అతను కిటికీ దగ్గరికీ తలుపు దగ్గరికీ తిరిగి తిరిగి, ఆఖరికి తానూ అక్కడ వారానికి అద్దెకు దిగినవాడేనని నసుగుతూ ఒప్పుకున్నాడు.

వీధిలోకొచ్చాక ఏడ్చేశాను. బడి తెరిచే రోజు దగ్గరపడుతోంది. ఏడిస్తే గది దొరుకుతుందా అని అక్క కసిరి, నా సంచీ తన భుజానికి తగిలించుకుంది.

ఆగస్టు చివర్లో మరో గది చూశాం. అక్క కుళాయి తిప్పింది, కిటికీ సందులు తడిమింది, ముసలమ్మలతో చాలాసేపు మాట్లాడింది, కళ్లజోడు పెట్టుకుని కాగితాలు రెండుసార్లు చదివింది. తర్వాత కిటికీ గట్టు మీద కూలబడింది.

“ఏంటక్కా, ఇందులో కూడా ఏదైనా లోపముందా?”

“వెతికానే,” అంది అక్క తలగుడ్డ కొసతో కళ్లు తుడుచుకుంటూ. “ఒక్కటీ దొరకలేదు.”