చలమయ్య చెప్పుకోలేని పుండు

మా తమ్ముడు చలమయ్యకు సిగ్గెక్కువ. నరసరావుపేట బజారులో కిరాణా కొట్టు వాడిది. ఆడవాళ్ళు గట్టిగా బేరమాడితే తల దించుకుని అడిగిన ధరకే ఇచ్చేస్తాడు. వాడి కిడ్నీలు రెండూ చెడిపోతే రాయవేలూరులో నా కిడ్నీ ఒకటి తీసి వాడికి పెట్టారు. అప్పట్నుంచీ వాడు దగ్గినా నాకు గుండె జారిపోయేది.

ఎనభై ఎనిమిది ఎండాకాలంలో వాడి మొహం ఉబ్బింది, కాళ్ళకు నీరు పట్టింది. వాడి భార్య శివపార్వతి ఏడుస్తూ మా ఇంటికొచ్చింది.

"వదినా, ఆయన బిళ్ళలు మింగటంలా. దిండు కింద దాస్తన్నాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ బిళ్ళలు ఆపితే పెట్టిన కిడ్నీని ఒళ్ళే తిప్పికొడుతుందని వేలూరులో చిలక్కి చెప్పినట్టు చెప్పారు.

"ఏందిరా నీ ఉద్దేశం? చావాలనుందా?" అని నిలదీశాను. వాడు గోడవైపు తిరిగాడు.

మర్నాడే వేలూరు బయల్దేరదీశాను. రైల్లో వాడు సరిగా కూర్చోలేక అవస్థ పడుతుంటే ఇంకేదో ఉందని నాకు భయం పట్టుకుంది.

అక్కడి డాక్టరు ఆనందరావుగారు మన తెలుగాయనే. బిళ్ళలు ఎందుకు ఆపావని అడిగితే వాడు నావైపు చూశాడు. నేను బయటికొచ్చి తలుపు పక్కనే నిలబడ్డాను. వినకుండా ఉండగలనా?

"మర్మస్థానంలో పుండండి. నెలల తరబడి మానట్లా. మా ఊరి డాక్టరు సుఖరోగమని పెన్సిలిన్ సూదులు పొడిచాడు. తగ్గలా. కిడ్నీ బిళ్ళలు ఒంట్లో శక్తి తగ్గిస్తయి, అందుకే మానదన్నాడు. మానిందాకా ఆపుదామనుకున్నా."

డాక్టరుగారు పుండు అంచు గీరి మైక్రోస్కోపులో చూశారు. రక్తం కూడా పరీక్ష చేయించారు. తమ్ముణ్ణి అడిగాకే నన్ను లోపలికి పిలిచారు.

"ఇది హెర్పిస్ అమ్మా. అక్కి తెచ్చే వైరస్‌కు చుట్టం. ఎప్పుడో ఒంట్లో చేరి నరాల్లో దాక్కుంటుంది. ఎప్పుడొచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. మామూలు వాళ్ళకు కొద్దిరోజుల్లో మానుతుంది. ఈ బిళ్ళలు వాడేవాళ్ళకు ముదురుతుంది, మళ్ళీమళ్ళీ వస్తుంది. దీనికి కొత్త మందుంది, మద్రాసు నుంచి తెప్పిస్తాను. బిళ్ళలు ఆపాల్సిన పనే లేదు. నా భయమంతా కిడ్నీ గురించే."

ఎసైక్లోవిర్ అనే ఆ మందు నరానికి ఎక్కించారు. పుండు ఎండుతూ వచ్చింది. కిడ్నీకి వేరే సూదులిచ్చారు. రోజూ రక్తం తీసుకెళ్తుంటే, ఆ పరీక్ష కాగితం తెచ్చే నర్సు మొహంలోకి చూడటానికి నాకు ధైర్యం చాలేది కాదు. చివరికి ఆనందరావుగారే వచ్చి, కిడ్నీ ఇక పనిచేయదని, మళ్ళీ డయాలిసిస్ తప్పదని చెప్పారు.

 మంచం పక్కన కూలబడ్డాను.

"ఒక్కమాట నా చెవినేస్తే ఏం పోయిందిరా?"

వాడు దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

"అక్కవి గదా, నీకెట్టా చెప్పేది?"