తుమ్మి పసరు

మా నాయనమ్మ దగ్గర అన్ని రోగాలకూ ఒకటే మందు. తుమ్మి ఆకు. గాజువాకలో మా పెరటి గోడ అవతల ఖాళీ స్థలంలో తెల్లపూలతో గుబురుగా పెరిగేది. తలనొప్పి అంటే చాలు, ఆకు నలిపి ముక్కులో పసరు పిండేది. ఆ మంటకు తలనొప్పి సంగతే మరిచిపోయేవాళ్లం. అందుకని మా ఇంట్లో ఎవరికీ తలనొప్పి వచ్చేది కాదు. వచ్చినా చెప్పేవాళ్లం కాదు.

ఈ సంగతి నన్ను చూడడానికి వచ్చిన పెళ్లికొడుకుకు తెలియదు. స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. పెద్దవాళ్లతో కలిసి కంచరపాలెం నుంచి కిక్కిరిసిన సిటీబస్సులో, ఎర్రదుమ్ములో నిలబడి వచ్చాడు.

"ఏటి బాబూ, మొకం అలాగున్నాదేటి?" అంది నాయనమ్మ.

"కాస్త తలనొప్పండి" అన్నాడు, పాపం.

పట్టుచీరతోనే నన్ను గోడ దగ్గరకు తరిమింది. ఆకు కోసి, అరచేతిలో నలిపి నాయనమ్మకు ఇచ్చాను. అతను కిక్కురుమనకుండా తల వెనక్కి వాల్చి వేయించుకున్నాడు. "సల్లగున్నాదండి" అని అబద్ధం కూడా ఆడాడు. నాకు అప్పుడే నచ్చేశాడు. అంతకుముందు వచ్చినవాళ్లలో ఒక్కడూ మా నాయనమ్మ వైపు చూడనైనా చూడలేదు.

నేను తలుపు చాటుకు వెళ్లాను. వాళ్ల పెదనాన్న గొంతు సవరించుకుని, "ఏరా, పిల్ల నచ్చిందేటి?" అన్నాడు.

అబ్బాయి నోరు తెరిచి, తుమ్మాడు. ఒక్కసారే.

శుభమా అని మాట అడిగితే ఒంటి తుమ్ము! పెదనాన్న కండువా దులుపుకుని లేచాడు. "మరేటి సేత్తాం? లెగండి, ఎల్దాం."

"కూకోండి బాబూ, రెండోదొత్తాది" అంది నాయనమ్మ.

జంట తుమ్మయితే దోషం లేదు, అది అందరికీ తెలిసిందే. అందరూ కూర్చుని అబ్బాయి ముక్కుకేసి చూడసాగారు. అతనూ తన వంతు ప్రయత్నం చేశాడు. కిటికీలోంచి ఎండకేసి చూశాడు, ముక్కు నలుపుకున్నాడు. రాలేదు. పెదనాన్న చెప్పులు వెతుక్కున్నాడు.

ఈ సంబంధం పోతే ఏడుస్తానని అప్పుడే తెలిసింది. అరచేయి చూసుకున్నాను. పసరు ఇంకా ఆరలేదు. చెయ్యి ముక్కుకు అదుముకుని గట్టిగా పీల్చాను.

నా తుమ్ముకు తలుపు గొళ్లెం కదిలింది.

పెదనాన్న గుమ్మంలో ఆగి కాసేపు ఆలోచించాడు. "అటోటి, ఇటోటి. జంటే" అని వచ్చి కూర్చుని, "ఆ కాపీ ఏదో తెండి" అన్నాడు.

కాఫీ పళ్లెం పట్టుకుని వెళ్లాను. అతని కళ్లలోనూ నీళ్లు, నా కళ్లలోనూ నీళ్లు. పెద్దవాళ్లు చూసి ఆనందబాష్పాలనుకున్నారు. నావి సగం అవే.