బొగ్గు లేని హద్దురాయి

2022 ఎండాకాలం. వనపర్తి రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట ఉన్న రేకుల గదుల్లో మూడోది నాది. నేను డాక్యుమెంట్ రైటర్ని. అంటే భూములు అమ్మేవాళ్లకు, కొనేవాళ్లకు దస్తావేజులు రాసిపెడతాను. గట్టు మండలం వైపు ఒకప్పుడు మా తాత పేరు చెబితే ఎదురొచ్చే బండ్లు పక్కకు తొలగేవి. ఆ భూములు పోయాయి. నాకు చేతిరాత మిగిలింది. ఇస్త్రీ లేని చొక్కాతో మాత్రం ఆ గదిలో ఏనాడూ కూర్చోలేదు. ముప్పై ఏళ్లలో ఎన్నో కేసులు వచ్చి పోయాయి. నన్ను కుర్చీలో కుదురుగా కూర్చోనివ్వనిది ఇదొక్కటే.

పద్మమ్మ శ్రీరంగాపూర్‌లో అంగన్‌వాడీ టీచర్. కాలువ తవ్వకంలో ఆమె రెండెకరాలు పోయాయి. పరిహారం బ్యాంకులో ఉంది. దానితో మళ్లీ భూమే కొనాలని ఆమె పట్టుదల. తప్పటడుగు పడితే మళ్లీ కొనే శక్తి లేదు. అందుకే ముందు నేర్చుకోవాలనుకుంది.

"సారూ, భూమి కొనుడు నేర్పే కోచ్ ఒకాయన నాగర్‌కర్నూల్ల క్లాసులు చెప్తుండంట. మా తమ్ముడేమో గద్వాల ఖాజామియా కాడ నేర్చుకో అంటుండు. ఎవరి కాడికి పోవాలె?"

ఖాజామియా నాకు తెలుసు. సర్వే శాఖలో చైన్‌మన్‌గా పనిచేశాడు. చైన్‌మన్ అంటే కొలత గొలుసు పట్టుకుని పొలాల్లో నడిచే మనిషి. "గొలుసు మోసినాయన నీకేం నేర్పుతడమ్మా?" అన్నాను. ఆ మాట వెనుక పాత పగ ఉంది. దాని దగ్గరికి వస్తాను.

మర్నాడు పద్మమ్మను వెంటబెట్టుకుని ఆ కోచే నా గదికి వచ్చాడు. లోపలికి రాగానే వంగి నా కాళ్లకు దండం పెట్టాడు.

"దొరా, మీ తాత పేరు తల్చుకోకుండ మా నాయన ముద్ద ముట్టెటోడు కాదు. మీరు గిట్ల రేకుల కింద కూసునుడు చూస్తే పానం ఒప్పుతలేదు."

ఎన్నాళ్లయిందో ఆ పిలుపు విని. నా వెన్ను ఇంకొంచెం నిటారయింది. అతను వెళ్లాక పద్మమ్మతో, "మర్యాద తెలిసినవాడు. అక్కడే చేరు," అన్నాను. అతని క్లాసు గురించి ఒక్క ప్రశ్న అడగలేదు.

పది రోజుల తర్వాత ఒక గురువారం అతని మనిషి నాలుగు అగ్రిమెంట్లు రాయమని తెచ్చాడు. అవి కొనుగోలుకు ముందు రాసుకునే ఒప్పందాలు. కొనేవాళ్లు నలుగురూ అతని శిష్యులే, అందులో పద్మమ్మ ఒకరు. నాలుగు ప్లాట్లూ ఒకే వెంచర్‌లోవి. భూమి యజమాని తరఫున అమ్మే అధికారం, అంటే జీపీఏ, ఒకాయన పేరున ఉంది. ఎవరని అడిగితే ఆ మనిషి దాచకుండా చెప్పాడు: "మా సార్ బామ్మర్ది."

ఈసీ తీసి చూశాను. ఒక భూమి మీద జరిగిన లావాదేవీలను చూపే కాగితం అది. ఏ మచ్చా లేదు. అయితే భూమి ఎవరి చేతులు మారిందో ఈసీ చెబుతుంది కానీ, నేల మీద ఎక్కడుందో చెప్పదు. నేర్పేవాడే అమ్మేవాడు. కోచ్‌కు ఫోన్ చేసి బామ్మర్ది సంగతి, హద్దుల సంగతి అడిగాను.

"దొరలకు గివన్నీ ఎందుకు? సోమవారం అగ్రిమెంట్లు కానియ్యండి. మీ ఫీజు రెండింతలు చేస్త," అన్నాడు.

దొరా అన్న నోటితోనే నాకు ధర కట్టాడు. కలం మూసి లేచాను. కూర్చున్నాను. మళ్లీ లేచాను. తెప్పించుకున్న చాయ్ చల్లారిపోయింది. నేను రాయనంటే పక్క గదిలో ఇంకొకరు రాస్తారు. కానీ పద్మమ్మను అక్కడికి పొమ్మన్నది నేను.

శుక్రవారం పొద్దున గద్వాల బస్సెక్కాను. ఖాజామియా ఇంటి ముందు మంచానికి నులక బిగిస్తున్నాడు. తల ఎత్తి, "ఏం రైటర్ సాబ్, దారి తప్పినవా?" అన్నాడు.

"ఒక హద్దురాయి చూడాలె. వస్తవా?"

"ఎవరిది? మీ తాతదైతే ఎప్పుడో చూసిన," అని నవ్వాడు.

ఆ నవ్వు మింగాను. అతను గడ్డపార తీసుకుని చెప్పులు తొడుక్కున్నాడు.

మా వైపు పాతకాలంలో హద్దురాయి కింద బొగ్గులు పోసి పాతేవారు. బొగ్గు కుళ్లదు. ఎవరైనా రాయిని జరిపితే అడుగున బొగ్గు ఉండదు, దొంగతనం బయటపడుతుంది.

వెంచర్ దగ్గరికి పద్మమ్మనూ పిలిచాను. రంగు జెండాల మధ్య సున్నం కొట్టిన రాయి ఒకటి నిలబడి ఉంది. ఖాజామియా దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, గడ్డపార నా చేతిలో పెట్టాడు.

"నా నడుము పోయింది. నువ్వు తవ్వు."

తవ్వాను. ఇస్త్రీ చొక్కా వీపుకు అంటుకుంది. రాయి కింద ఎర్రమట్టి, ఒక సిమెంటు సంచి ముక్క ఉన్నాయి. బొగ్గు లేదు.

"నిన్న మొన్న పాతిండ్రు," అని ఖాజామియా మిట్ట ఎక్కాడు. కంపచెట్ల కింద సగం కూరుకుపోయిన రాయి చూపించాడు. దాని అడుగున తవ్వి తడిమితే నా వేళ్లు బొగ్గుతో నల్లబడ్డాయి. అసలు హద్దు అదే. ఆ రాయికీ సున్నం రాయికీ మధ్య ఉన్నది ఎండిన కుంట. నాలుగు ప్లాట్లూ అందులోనే.

"వాన పడితే నీ ప్లాట్ల చేపలు పట్టుకోవచ్చు బిడ్డా," అన్నాడు ఖాజామియా.

పద్మమ్మ నవ్వలేదు. "లేఅవుట్ పర్మిషనన్నా ఉందా తాతా?" అని అడిగింది.

"అది నాకు తెల్వదు. పంచాయతీల అడుగు. రాయి సంగతే నాకు ఎరుక."

పది రోజుల్లో కోచ్ నోట ఆమె ఒక్కసారి కూడా వినని మాట అది: తెల్వదు. ఆ క్షణంలోనే ఆమె గురువును ఎంచుకుందని నాకు తోచింది. ఎవరైనా గురువు గురించి అడిగితే ఇప్పుడు నేను చెప్పేదీ అదే: మీరు కొనేదానిలో అతనికి వాటా ఉందా చూడండి, తెలియని చోట తెల్వదంటాడా వినండి. అతను మిమ్మల్ని ఎలా పిలుస్తాడన్నది మాత్రం లెక్కలోకి తీసుకోకండి.

సోమవారం ఆ నాలుగు కాగితాలూ రాయకుండా తిప్పి పంపాను, మిగతా ముగ్గురికీ కబురు చేశాను. కానీ అసలు కష్టం ఆ శుక్రవారమే, ఆ మిట్ట మీదే ఎదురయింది.

"సారూ, గీ పెద్దమనిషి వద్దని ఎందుకన్నరు?" అని పద్మమ్మ అడిగింది.

ఖాజామియా మాకు వీపు తిప్పి గడ్డపారకు అంటిన మట్టి దులుపుతున్నాడు. నా చిన్నప్పుడు ఒక పొలం తగాదాలో ఊరంతా చూస్తుండగా ఆ గడ్డపారతోనే తవ్వాడు. ఆనాటి నుంచి మా ఇంట్లో అతని పేరెత్తలేదు. దానికి కారణం మేము ఎవరికీ చెప్పలేదు.

"మా తాత పాతిన రాయి కింద బొగ్గు లేదమ్మా," అన్నాను. "ఆ మాట పైకి చెప్పింది ఈయనే."