విల్ఫ్ అంకుల్ సుద్దముక్క, బెవ్ కమీషన్

మా పక్కింటి విల్ఫ్ ఆక్రాయిడ్ అంకుల్ మెట్లు కూర్చుని దిగుతాడు. పై మెట్టు మీద చతికిలబడి, ఒక్కో మెట్టూ జారుతూ, పదమూడు మెట్లకీ పదమూడు మూలుగులతో కిందికొస్తాడు. మా ఊరు కీత్లీలో, మా వీధి ఇళ్ళన్నీ గోడకి గోడ అంటుకుని ఉంటాయి. రోజూ పొద్దున్నే ఆ మూలుగులు లెక్కపెట్టుకుంటూ నేను టీ పెట్టుకుంటాను. పన్నెండే వినపడితే కంగారు పడతాను.

మోకాళ్ళు పూర్తిగా అరిగిపోయాయి. మెట్లు లేని ఇల్లు చూసుకోమని డాక్టరు చెప్పేశాడు. బ్రిడ్లింగ్టన్‌లో, సముద్రానికి రెండు వీధుల ఇవతల, అలాంటిదొకటి దొరికింది కూడా. దాన్ని అమ్మే పెద్దావిడ సెప్టెంబరు ఆఖరు దాకా ఆగుతానంది. ఆలోపు ఈ ఇల్లు అమ్ముడుపోకపోతే అది వేరేవాళ్ళకి పోతుంది. అప్పటికి జూన్.

ఆయన చేసిన ఉద్యోగం గురించి కూడా చెప్పాలి. నలభై ఒక్కేళ్ళు ఉన్ని మిల్లులో పనిచేశాడు. మగ్గం మీంచి వచ్చిన గుడ్డని వెలుతురుకి ఎదురుగా వేలాడదీసి, తెగిన పోగు ఎక్కడ, ముడి ఎక్కడ, మచ్చ ఎక్కడ అని వెతికి సుద్దముక్కతో గుర్తు పెట్టడం ఆయన పని. మిల్లు మూతబడి ఏళ్ళయింది. సుద్దముక్క మాత్రం ఇంకా కోటు జేబులోనే ఉంది. మా చెల్లెలి పెళ్ళి కేకుని కూడా ఆయన అదే చూపుతో చూశాడు. తినడానికి ముందు కింది అంతస్తు ఒరిగిందని చెప్పాడు.

ఇల్లమ్మి పెట్టే ఏజెంటు బెవ్ హోల్రాయిడ్ వచ్చిన రోజు నన్ను సాక్షిగా కూర్చోబెట్టుకున్నాడు. బెవ్‌కి యాభై దాటాయి. కళ్ళజోడు నెత్తి మీద, పెన్ను చెవి వెనక.

"మా కమీషన్ ఒకటిన్నర శాతమండీ ఆక్రాయిడ్ గారూ."

"లక్షా అరవై వేలకి అమ్మితే రెండు వేల నాలుగొందల పౌండ్లు," అన్నాను నేను, ఎవరూ అడక్కపోయినా.

విల్ఫ్ అంకుల్ టీలో చెంచా తిప్పుతూ కూర్చున్నాడు. ఆయన టీలో చక్కెర వేసుకోడు.

"ఇంటి ముందు బోర్డు పెడతావా అమ్మాయ్?"

"పెడతామండీ. దానికి డబ్బులేం తీసుకోం."

"ఆ బోర్డు మీద ఎవరి పేరుంటుంది?"

"మాదే."

"నా పేరు కాదన్నమాట. నా గేటు దగ్గర నీ పేరు నెలల తరబడి నిలబెడితే, అద్దె ఎంతిస్తావు?"

బెవ్ కళ్ళజోడు కిందికి దించి ఆయన్ని మొదటిసారి సరిగ్గా చూసింది. "ఒకటింపావు," అంది.

"ఫోటోలు?"

"మా వాళ్ళే తీస్తారు. అందులో బేరం లేదు."

"ఇల్లు చూపించేదెవరు?"

"నేనే. ఒక్కొక్కళ్ళకీ అరగంట పడుతుంది."

"ఈ ఇంట్లో యాభై రెండేళ్ళున్నాను. నాకంటే నీకెక్కువ తెలుసా? నేనే చూపిస్తాను. ఒక్క శాతం చెయ్యి."

బెవ్ ఒప్పేసుకుంది. అంత తేలిగ్గా ఎందుకొప్పుకుందో నాకప్పుడు అర్థం కాలేదు. గుమ్మం దాటాక నాతో, "పది రోజుల్లో ఆయనే వస్తాడు నా దగ్గరికి," అంది. కానీ పది రోజులు సరిపోలేదు.

మొదటి జంట వచ్చేసరికి గోడలనిండా సుద్ద గుర్తులు. విల్ఫ్ అంకుల్ చేతికర్రతో ఒక్కొక్కటీ చూపిస్తున్నాడు. కిటికీ తెరిచే ఉంది కాబట్టి నేను వినక తప్పలేదు.

"ఇదిగో ఇది చెమ్మ. రంగేస్తే పోయినట్టే ఉంటుంది, మార్చి కల్లా మళ్ళీ దిగుతుంది. ఇది పగులు. వేలు పెట్టి చూడు నాయనా, మొహమాటపడకు. వంటింట్లోకి ఎండ నాలుగింటికి వచ్చి నాలుగుంపావుకి పోతుంది. మెట్లు ఇలా కూర్చుని దిగాలి, చూపిస్తానుండండి."

"మెట్లు మామూలుగా దిగలేమా?" అంది ఆ అమ్మాయి భయంగా.

"నువ్వు దిగగలవు తల్లీ, ఇప్పుడు. ఇంక పక్కింట్లో ఒకడున్నాడు. ఊరి బ్యాండులో బాకా ఊదుతాడు. ఊదడం అంటే, ప్రయత్నిస్తాడు."

నేను అప్పుడే బాకా చేతికి తీసుకున్నాను. ఆయన మాట నిలబెట్టడానికి రెండు ముక్కలు ఊదాను. ఆ జంట మళ్ళీ కనపడలేదు. తర్వాత వచ్చిన నలుగురూ అంతే. నలుగురికీ అంకుల్ టీ ఇచ్చాడు, బిస్కట్లు పెట్టాడు, నేల కింద ఎలుక చచ్చిన చోటు చూపించాడు.

ఆగస్టు మొదటి వారంలో బ్రిడ్లింగ్టన్ పెద్దావిడ ఫోన్ చేసి సంగతేమిటని అడిగింది. ఫోన్ పెట్టేసి విల్ఫ్ అంకుల్ మెట్లవైపు ఒకసారి చూశాడు. తర్వాత టోపీ పెట్టుకుని బెవ్ ఆఫీసుకి బయల్దేరాడు. నేనూ వెంట వెళ్ళాను, ఇలాంటివి వదులుకోలేను.

"నువ్వే చూపించు అమ్మాయ్."

"ఒకటిన్నర."

"బోర్డు ఉందిగా. దానికి తగ్గించింది అలాగే ఉండాలి."

"సరే, ఒకటింపావు. కానీ ఒక షరతు. జనం చూడ్డానికొచ్చినంతసేపూ మీరు ఇంట్లో ఉండకూడదు. ఇంట్లో సుద్ద కూడా ఉండకూడదు."

"నా ఇంట్లోంచి నన్నే వెళ్ళగొడతావా? వెళ్తే నాకేమిస్తావు?"

బెవ్ నవ్వు ఆపుకోవడానికి చెవి వెనక పెన్ను తీసి కాగితం మీద రాసింది: ఇల్లు చూపించే ప్రతిసారీ ఆక్రాయిడ్ గారు వీధి చివర కెఫేలో కూర్చుంటారు, ఒక టీ, వెన్న రాసిన ఒక టీకేక్ బన్ను, ఏజెంటు ఖర్చు.

"వెన్న రెండు వైపులా," అన్నాడు ఆయన. అదీ రాసింది.

బెవ్ గోడలు తుడిపించి తెల్లరంగు వేయించింది. ఆ శనివారం టినా షెఫర్డ్ అనే ఆవిడ చూడ్డానికొచ్చింది. గోడలకి ప్లాస్టరింగ్ చేసే పని ఆవిడది, బూట్లకి ఇంకా సున్నం అంటుకునే ఉంది. బెవ్ అరగంట సేపు ఇంటిని ఆకాశానికెత్తింది. టినా బయటికొచ్చి ముక్కు చిట్లించి గేటు దగ్గర నిలబడింది.

"కొత్త రంగు వాసనొస్తే నాకు నిద్ర పట్టదు," అంది నాతో. "దాని కింద ఏం దాచారో చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా ఈ వీధిలో?"

ఇప్పుడు నేను చేసిన పని మంచిదో కాదో తెలీదు. "చివరన కెఫేలో టోపీ పెట్టుకున్న ముసలాయనొకడుంటాడు, మోచేతుల దాకా వెన్న ఉంటుంది. ఆయన్నడగండి," అన్నాను. ఆ ముసలాయన ఎవరో మాత్రం చెప్పలేదు.

నేను వెళ్ళేసరికి విల్ఫ్ అంకుల్ టినా ముందు కెఫే బల్ల నిండా సుద్దతో తన ఇంటి పటం గీసేశాడు. ఒప్పందంలో ఇంట్లో సుద్ద వద్దని ఉంది, కెఫేలో వద్దని లేదు. చెమ్మకి ఒక గుర్తు, పగులుకి ఒక గుర్తు, ఎలుకకి ఒక సున్నా. బాకాకి మటుకు నన్ను చూపిస్తూ పెద్ద గీత గీసి, రెండుసార్లు దిద్దాడు.

"ఇంతేనా?" అంది టినా.

"ఇంకేం కావాలి నీకు?"

"చెమ్మ నేను వారంలో వదిలిస్తాను. బాకాదేముంది, మా పిల్లాడు డ్రమ్ములు వాయిస్తాడు." నావైపు జాలిగా చూసింది. "మూడు నెలల్నించి ఇళ్ళు చూస్తున్నాను. ఉన్నదున్నట్టు చెప్పింది మీరొక్కరే. ఇంతకీ ఆ ఇంటివాళ్ళు మీకు తెలుసా?"

"తెలుసు," అన్నాడు ఆయన. "మొండి మనిషి. అయినా అడిగి చూడు."

లక్షా యాభై ఎనిమిది వేలకి కుదిరింది. వెంటనే విల్ఫ్ అంకుల్ బెవ్‌కి ఫోన్ చేసి, ఇల్లమ్మింది తనే కాబట్టి కమీషన్ ఒకటికి తగ్గించమన్నాడు.

"మిమ్మల్ని ఆ కెఫేలో కూర్చోబెట్టిందెవరు? ఆ టీ ఎవరిది?" అంది బెవ్.

గంట సేపు వాదించుకున్నారు. ఒకటింపావు ఒకటింపావులాగే ఉంది. ఆయన్ని బ్రిడ్లింగ్టన్ దాకా బెవ్ తన కార్లో దింపాలని మాత్రం ఒప్పందం కుదిరింది. టినాని పంపింది నేనే కాబట్టి నాకో అర శాతం రాదా అని నేనూ అడిగాను. నా బాకా వల్ల పోయిన రెండు వేలు ముందు కట్టమన్నాడు.

సెప్టెంబరు ఇరవై ఆరున బెవ్ బయట కారు హారన్ కొడుతోంది. విల్ఫ్ అంకుల్ ఆఖరిసారి మెట్లు కూర్చుని దిగుతున్నాడు. నేను కింద నిలబడి లెక్కపెడుతున్నాను. ఏడో మెట్టు మీద ఆగాడు.

"ఏరా, బెవ్ ఒకటిన్నర మీదే పట్టుబట్టినా ఇచ్చేసేవాణ్ణి. ఇంకో ఆరు దిగితే మళ్ళీ జన్మలో దిగక్కర్లేదు." మోకాలు రుద్దుకున్నాడు. "ఈ మాట ఆవిడకి చెప్పావంటే నీ బాకాలో సిమెంటు పోయిస్తాను."