నర్సప్పన్న చూపు

ఒక మాట ఇరవై ఏళ్ళుగా నా గొంతులో అడ్డంపడి ఉంది. వినాల్సిన మనిషి ఉన్నప్పుడు నాకు నోరు రాలేదు. ఇప్పుడు ఆ మనిషి లేడు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

రాయచూరు బజారులో మా వాళ్ళందరిదీ పత్తి వ్యాపారం. నేనొక్కణ్ణే కంప్యూటర్లు బాగుచేసే కొట్టు పెట్టాను. నేను చేసే పనేమిటో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు, కొన్నాళ్ళకు అడగడం కూడా మానేశారు. పొద్దుగూకే దాకా కొట్లో ఒక్కణ్ణే కూర్చునేవాణ్ణి. అలాంటి రోజుల్లో నర్సప్పన్న వచ్చాడు.

ఆయన థర్మల్ ప్లాంటు కంట్రోల్ రూములో పనిచేసేవాడు. మీటర్ల ముళ్ళు చూస్తూ కూర్చోవడమే ఉద్యోగం. ఏ ముల్లు గీత దాటినా ముందు ఆయన కంటికే కనబడేదని ప్లాంటు కాలనీలో చెప్పుకునేవారు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఇంటికొచ్చాక తోచక కంప్యూటర్లో విమానం నడిపే ఆట ఆడేవాడు. అందులోనూ మీటర్లే, ముళ్ళే. ఆ ఆట బాగా నడవాలని కొత్త గ్రాఫిక్స్ కార్డు వేయించుకున్నాడు. నేనే ఆయన క్వార్టర్‌కు వెళ్ళి బిగించాను. అలాంటి కార్డు బిగించడం నాకు అదే మొదలు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

తెర వెలిగింది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కళ్ళు చిట్లించాడు.

“తమ్మీ, గిది అదురుతుంది కదా.”

కేబుల్ తీసి మళ్ళీ పెట్టాను. కార్డు ఊడదీసి మళ్ళీ బిగించాను.

“ఇంకా అదురుతనే ఉంది.”

బజారులో అయితే ఇలాంటివన్నీ వోల్టేజీ మీదికి తోసేవాళ్ళం. వోల్టేజీ ఉన్నంతకాలం రిపేరు చేసేవాడికి ఏ తప్పూ అంటదు. కానీ అది ప్లాంటు కాలనీ. ఊరంతా కరెంటు పోయినా అక్కడ పోదు. పైగా కరెంటు పుట్టించే మనిషి దగ్గర కరెంటు మీద చాడీ ఎలా చెప్పను? నాకు తెలియదు అంటే సరిపోయేది. ఆ రెండు మాటలు అనడం ఎందుకంత కష్టమైంది?

“నాకేం కనబడ్తలేదన్నా. తెర మంచిగనే ఉంది. మీ నజరే కమ్జోర్ అయినట్టుంది. ఒకసారి కండ్లు చూపించుకోండ్రి.”

ఆయన తెరవైపు మళ్ళీ ఒకసారి చూశాడు. “గట్లనా,” అన్నాడు. లేచి నాకు చాయ్ పెట్టి ఇచ్చాడు.

వారం తిరగకముందే ఇంకో కంప్యూటర్‌కు అదే జబ్బు వచ్చింది. ఈసారి పట్టువదలకుండా వెతికితే దొరికింది. కొత్త కార్డు వేయగానే, తెర సెకనుకు ఎన్నిసార్లు వెలగాలో చెప్పే అంకె అరవైకి పడిపోతుంది. అప్పటి బండ మానిటర్లకు అది చాలదు. ఎనభై అయిదు చేస్తే అదురు ఆగిపోతుంది. రెండు నిమిషాల పని. రేపు వెళ్ళి చెబుదాం అనుకున్నాను.

ఆ రేపు రాకముందే ఆయనే కొట్టుకు వచ్చాడు. కళ్ళ డాక్టరుకు ఏ లోపమూ కనబడలేదట. అయినా తనంతట తానే పెద్దసారుకు అర్జీ రాసిచ్చి, కంట్రోల్ రూము వదిలి ప్లాంటు సామాన్ల స్టోరుకు మారిపోయాడట.

“డాక్టర్‌కు దొరకకుంటే ఏమాయె, నాకు అదురుతుంది కదా. గసువంటి కండ్లతోని ఆడ కూసునుడు తప్పు,” అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. “ఇంకొకడైతే కొత్త మానిటర్ అంటగడుతుండె. నువ్వు ఉన్నది చెప్పినవ్ తమ్మీ.”

అప్పుడు చెప్పాల్సింది. పరువు పోతుందని భయపడ్డ మాట నిజమే. కానీ అంతకంటే పెద్ద కారణం ఒకటుంది, దాన్ని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నా భుజం మీద ఒక మనిషి అలా చెయ్యి వేసి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తులేదు. ఆ చెయ్యి తీసేస్తాడేమోనని ఊరుకున్నాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆయన క్వార్టర్‌కు వెళ్ళేవాణ్ణి. కిటికీ మీద పేరుకున్న ప్లాంటు బూడిద తుడిచి, చాయ్ తాగి, ఆయనకు పేపరు చదివి వినిపించేవాణ్ణి. నాకంటే బాగా చదవగలిగిన మనిషికి నేను చదివి పెట్టాను. కంప్యూటర్ మీద ఎప్పుడూ తువ్వాలు కప్పి ఉండేది.

కొన్ని నెలలకు ఒక ఆదివారం, ఆయన వంటింట్లో ఉన్నప్పుడు, దొంగలా ఆ అంకె మార్చేశాను. తర్వాత ఆయన్ను పిలిచి కూర్చోబెట్టాను. తెర కదలకుండా నిలబడింది. సంతోషిస్తాడనుకున్నాను.

“ఇయ్యాల అదురుతలేదు,” అన్నాడు మెల్లగా. “అంటే వస్తది, పోతది అన్నట్టు. ఎప్పుడొస్తదో తెల్వకుంటే ఇంకా ఖరాబు. కంట్రోల్ రూము వదిలిపెట్టి మంచిపనే జేసిన.”

తువ్వాలు మళ్ళీ కప్పాడు. నేను చాయ్ తాగి వచ్చేశాను.

రిటైరయ్యాక గిల్లేసూగూరులో చెల్లెలి ఇంటికి వెళ్ళాడు, అక్కడే పోయాడు. నాకు ఆలస్యంగా తెలిసింది. వెళితే ఆ చెల్లెలు చెప్పింది, గోడ గడియారం చూసి కూడా టైమెంతయిందని పక్కవాళ్ళను అడిగి ఖాయం చేసుకునేవాడట. ఆమె నవ్వుతూనే చెప్పింది. నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు.

ఇంతవరకు రాసింది చదువుకున్నాను. నేనేదో తెలియక ఆ మాట అన్నానని మీరు అనుకునేలాగే రాశాను. అదీ నిజం కాదు. ఆ రోజు కేబుల్ పెట్టడానికి పక్కకు వంగినప్పుడు, ఓరకంట, తెర అదరడం నాకూ కనబడింది. ఆయన చూసిందే నేనూ చూశాను. చూసి కూడా కనబడలేదన్నాను.

ఈ ముక్క ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పాక గొంతు కొంచెం తేలికైంది, అంతే. నర్సప్పన్న కళ్ళకు ఏమీ కాలేదు.