వాల్వుల పుస్తకంలో ఒక వరుస

మొన్న శంషాబాద్‌లో, విమానాశ్రయం రోడ్డు పక్కనున్న ఫంక్షన్ హాలులో, ఒక యువకుడు తన గిటారుకు బల్బుల్లాంటి గాజు వాల్వులుండే ఆంప్లిఫయర్ తగిలించి వేడెక్కనిస్తుంటే, గాజు మీది దుమ్ము కాలే ఆ వాసన నన్ను లాక్కుపోయి మా బాపు దుకాణంలో కూర్చోబెట్టింది. వాయించడం కాగానే నాలుగు వాల్వులూ పీకి కొత్తవి పెడతాడట. ఎందుకని అడిగితే, ఏడాదయింది గనుక అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వట్టిపోయిందని గేదెను అమ్మేవాడైనా ముందు పొదుగు చూస్తాడు; తేదీ చూసి వాల్వు పారేయడం ఏం పద్ధతి?

బాపు ఇదే శంషాబాద్‌లో రేడియోలు, మైకుసెట్లు బాగుచేసేవాడు. వానకాలంలో రేకుల మీద చినుకుల మోతకు ఏమీ వినబడక పని ఆపి, అమ్మ పంపిన సర్వపిండి తింటూ కూర్చునేవాళ్లం. సీతాఫలాల రోజుల్లో మహేశ్వరం వైపు నుంచి వచ్చే ఆడవాళ్లు మా అరుగు మీద గంపలు దించుకుంటే, ఆ తీపి వాసనా టంకం పొగా కలిసిపోయేవి. చచ్చిన వాల్వులు మా ఆటవస్తువులు, నెత్తిమీది వెండి మెరుపు తెల్లబడితే లోపలికి గాలి దూరిందని పిల్లలమైనా చెప్పేవాళ్లం. మిగతాదంతా చెవితో తేలాల్సిందే. గిటారు సన్నతీగ స్వరం మొద్దుబారిందా, జీలకర్ర వేగినట్టు చిటపటలాడుతోందా, పెన్సిలుతో తడితే గంటలా మోగుతోందా, అన్నది విన్నాకే మార్చాలి. ఏ రోజు, ఏ లక్షణం విని మార్చామో పదేళ్ల నేను పుస్తకంలో రాసేదాన్ని.

పెళ్లిళ్లలో గిటారును ఒడిలో పెట్టుకుని వాయించే యూసుఫ్ చాచా ఆంప్లిఫయర్ మా దగ్గరికే వచ్చేది. ఒక చలికాలంలోనే బాపు దాని వాల్వులు మూడోసారి మార్చబోయాడు. "సన్నతీగ పలుకుతలేదు, రాయి" అన్నాడు. పుస్తకంలో అంతకుముందు రెండుసార్లూ అదే మాట. నాకేమో ఆ తీగ తేటగా వినబడుతోంది. చెవి చెడిన మనిషి దగ్గరికి ఆంప్లిఫయర్ ఎవరు తెస్తారు? అడగడానికి నోరు రాలేదు. తేల్చుకోకుండా ఉండనూ లేకపోయాను. బాపు సాకెట్లు తుడుస్తూ, వెనక్కి చూడకుండానే కొత్తవి ఇమ్మని చెయ్యి చాపాడు. తీసిన పాతవాటినే గుడ్డతో మెరిసేదాకా తుడిచి ఆ చేతిలో పెట్టాను.

బాపు వాటినే బిగించాడు. బల్ల అవతల కూర్చున్న చాచా గిటారు తగిలించి వాయించాడు.

"ఇగ సూడు యూసుఫ్, ఎట్ల మోగుతున్నదో! నేను చెప్పలె?" అన్నాడు బాపు.

చాచా నా పక్కన మూత తీయకుండా ఉన్న కొత్త వాల్వుల డబ్బాలను చూశాడు, నన్ను చూశాడు. "మస్తుగున్నదన్నా" అన్నాడు. గిటారు సంచిలో పెడుతూ, "అన్నా, నీ బిడ్డ చెవి శానా పదును. ఇగ ఆమెను గూడ జర విననియ్యరాదు?" అన్నాడు.

"అంటే ఏంది? నా చెవులకేమైంది?"

"ఏం గాలే. ఇంట్ల బేగం మొత్తుకున్నా నాకు ఇనబడది, నేనేమన్న పరేషాన్ అయితున్ననా?"

బాపు నవ్వలేదు. ఆయన చూపు కూడా ఆ డబ్బాల మీద పడింది. తరువాత, వాల్వులను తట్టి చూసే పెన్సిలు తీసి నా చేతిలో పెట్టాడు.

"రాయి బిడ్డా. కొత్తవి ఏసినమని రాయి."

రాశాను. ఆ తరువాత "ఏమంటవ్ బిడ్డా?" అని నన్నడగకుండా బాపు ఒక్క వాల్వూ మార్చలేదు.

మొన్న ఆ యువకుడి చేత వాయింపజేసి, నెత్తిమీది విమానం దాటిపోయేదాకా ఆగి, మళ్లీ వాయింపజేసి విన్నాను. మూడు వాల్వులు నిక్షేపంగా ఉన్నాయి. ఒక్కటే చిటపటలాడుతోంది. రేకుల దుకాణం రోడ్డు వెడల్పులో పోయింది, గంపలు దించే అరుగూ పోయింది, సన్నతీగ వినేపాటి నిశ్శబ్దం ఈ చుట్టుపక్కల ఎక్కడా మిగలలేదు. పుస్తకం ఉంది. ప్రూఫ్‌రీడరుగా ఇతరుల రాతల్లో తప్పులు పట్టడమే పనిగా బతికినదాన్ని, నా పుస్తకంలో కొత్తవి వేశామన్న ఆ వరుస అబద్ధమని తెలిసీ దిద్దలేదు. దిద్దాలంటే ఒప్పుకోవలసిన బాపూ చాచా ఇద్దరూ ఇప్పుడు లేరు.