నందిగామ బస్సులో కనకాంబరాలు

జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్లే పొద్దుటి బస్సులో మా టీచర్లకొక ఆచారం ఉండేది. చిల్లకల్లులో ఎక్కే సైన్సు టీచరు తన కనకాంబరాల మాల తుంచి అందరికీ పంచితేనే మాకు రోజు మొదలైనట్టు. ఆవిడ మాత్రం పెట్టుకునేది కాదు.

చేరిన కొత్తలో ఎందుకని అడిగాను.

"మా చర్చిలో పెట్టుకోమండి. పెరట్లో పూస్తున్నాయిగా, మీ జడల్లో చూసుకుంటా" అని నవ్వింది. తుంచే ముందు ఒక్కొక్కరి జడ వైపూ చూసేది. ఒత్తు జడకి పెద్ద ముక్క, నా పిలక జడకి చిన్నది.

మావారు పోయిన నెలకి మళ్లీ ఆ బస్సెక్కాను. చిల్లకల్లులో ఆవిడ చేతిలో మాలతో ఎక్కగానే అందరి మాటలూ ఆగిపోయాయి. నేను కిటికీ వైపు తిరిగాను. ఆవిడ నా పక్కన కూర్చుని, ఎప్పటిలాగే చిన్న ముక్క తుంచి నా అరచేతిలో పెట్టింది.

"నేనెలా పెట్టుకుంటానండీ?" అన్నాను.

"చేతిలో ఉంచుకోండి. నేను రోజూ ఇంటి నుంచి అట్లాగేగా తెస్తున్నా" అంది.

బస్సులో పూలు పెట్టుకోనివాళ్లం ఆ రోజు నుంచి ఇద్దరమయ్యాం.